పాడువాని సాక్ష్యము: జానీ క్యాష్ నిర్మించిన ‘ది గాస్పెల్ రోడ్’ చిత్రముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మా సంఘములో కీబోర్డు వాయించు ఒక యౌవనస్థుడు, అతనితో కూడిన గాయక బృందము, తప్పిపోయిన కుమారుని ఉపమానమును చిన్న చలనచిత్రముగా తీయదలచి, కోత పండుగ కానుకలలోనుండి 40,000 రూపాయలు ఇప్పించవలసినదిగా సంఘ కమిటీకి విన్నపము పెట్టుకొనిరి. కమిటీలో భేదాభిప్రాయములు కలిగెను. పెద్దలలో ఒకరు, పాటలు పాడుకొనువారికి సినిమాలెందుకనియు, ఆ సొమ్ముతో గుడి పైకప్పు బాగుచేయించుకొనవచ్చుననియు అనిరి. మరియొకరు, తెరమీద యేసు ప్రభువును చూచియే తన తండ్రి రక్షణలోనికి వచ్చెనని కన్నీళ్లతో చెప్పిరి. చివరకు నిర్ణయము పాస్టరుగారికే విడిచిపెట్టుదమని లేచిపోయిరి.

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పుట మాకు చేతకాలేదు. సంగీతకారుడు తన విశ్వాసమును చలనచిత్రముగా చెప్పబూనినప్పుడు సంఘమునకు కలుగు మేలేమి, కీడేమి? స్వల్ప వ్యయముతో తీసిన భక్తి చిత్రమును ఏ కొలతతో కొలువవలెను? భక్తితో తీసినారు గనుక లోపములెంచరాదను మెతకదనము మన సంఘములలో ఉన్నది. బీదగా కనబడుచున్నది గనుక చూడదగినది కాదను చులకన భావము పట్టణ సంఘములలో ఉన్నది. ఈ రెండును విమర్శ కావు. అందుచేత ఇట్టి ప్రయత్నములలో బాగుగా ఎరుగబడిన ఒకదానిని తీసికొని పరిశీలింప తలపెట్టితిమి. అది అమెరికా దేశపు గాయకుడు జానీ క్యాష్ 1973లో విడుదల చేసిన ‘ది గాస్పెల్ రోడ్: ఎ స్టోరీ ఆఫ్ జీసస్’. దీనిని మా యౌవనస్థుల కూటములో డి.వి.డి. ద్వారా ప్రదర్శించి, సంఘస్థులతో కలిసి చూచితిమి.

చిత్ర నిర్మాణ నేపథ్యము

జానీ క్యాష్ 1932లో ఆర్కాన్సా రాష్ట్రములో బీద వ్యవసాయ కుటుంబమున జన్మించెను. ప్రత్తి చేలలో పనిచేయుచు, తల్లి నోట భక్తి గీతములు వినుచు పెరిగెను. 1950ల మధ్యనుండి జానపద ఛాయలుగల అమెరికా గ్రామీణ సంగీతములో పేరుపొంది, 1968లో ఫాల్సమ్ కారాగారములో ఖైదీల యెదుట పాడిన పాటల సంపుటితో లోకప్రసిద్ధుడాయెను. అయితే 1960లలో అతడు మత్తు మాత్రలకు బానిసయై బహుగా చెడిపోయిన సంగతియు బహిరంగమే. 1968లో గాయని జూన్ కార్టర్‌ను వివాహమాడిన పిమ్మట క్రమముగా కోలుకొని, 1971లో నాష్‌విల్ ప్రాంతములోని ఇవాంజెల్ టెంపుల్ అను సంఘములో చేరి, తన విశ్వాసమును తిరిగి ఒప్పుకొనెను. ఆ సంవత్సరమే ఇశ్రాయేలు దేశమునకు వెళ్లి ఈ చిత్రమును తీయించెను.

పెట్టుబడి క్యాష్‌దే. సుమారు 5 లక్షల డాలర్లు అతడు తన స్వంత సొమ్మునుండి వెచ్చించెనని చెప్పుదురు. మన చేతులకు ఇది పెద్ద మొత్తమే. కాని 1965లో జార్జ్ స్టీవెన్స్ తీసిన ‘ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్’ అను క్రీస్తు చరిత్రకు దాదాపు 2 కోట్ల డాలర్లు వ్యయమైనది. దానితో పోల్చిన క్యాష్ పెట్టినది నలువదియవ వంతు మాత్రమే. విచిత్రమేమనగా, అంత ధనముగల ఆ చిత్రము పాలస్తీనాకు వెళ్లక అమెరికా ఎడారులలో రూపొందెను. ధనము తక్కువైన క్యాష్ చిత్రమో, గలిలయ గాలిలో, యూదయ కొండలమీద రూపొందెను. కట్టించుటకు డబ్బు లేనివాడు ఉన్నచోటికి వెళ్లవలసి వచ్చునని మాకు తోచుచున్నది.

దర్శకుడు రాబర్ట్ ఎల్‌ఫ్‌స్ట్రామ్ అంతకుముందు 1969లో క్యాష్‌ను గూర్చి ఒక వాస్తవ చిత్రము తీసినవాడు. అతడే ఈ చిత్రములో యేసుగా నటించెను. అతని కుమారుడే బాల యేసు. జూన్ కార్టర్ మగ్దలేనే మరియగా నటించెను. క్యాష్ చేరిన సంఘపు కాపరియైన జిమ్మీ స్నో పొంతి పిలాతు వేషము ధరించెను. ఇంటివారు, స్నేహితులు, సంఘస్థులు కలిసి క్రిస్మసు రాత్రి మన గుడులలో వేయు నాటకమువంటిదే ఇది. గొల్లవానికి దుప్పటి, జ్ఞానులకు జరీ చీర ఇంటిలోనుండి తెచ్చుకొనినట్లు వీరును ఉన్నవారితో సరిపెట్టుకొనిరి. చేతులు కడుగుకొనిన అధిపతిగా ఒక కాపరి నటించుటను చూచినప్పుడు, మా పరిచర్యలో మేము చేతులు కడుగుకొనిన సందర్భములు కొన్ని జ్ఞాపకము వచ్చి కొంతసేపు తలవంచుకొంటిమి.

1973లోనే ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’, ‘గాడ్‌స్పెల్’ అను రెండు సంగీత చిత్రములును వెలువడెను. ఆ రెండును రంగస్థలముమీద విజయము పొందిన నాటకములకు తెర రూపములు. వాటితో పోల్చినప్పుడు క్యాష్ చిత్రము సినిమాశాలలలో అంతగా ఆదరణ పొందలేదు. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ దానిని విడుదల చేసినను, తరువాత బిల్లీ గ్రాహమ్ పరిచర్యకు చెందిన వరల్డ్ వైడ్ పిక్చర్స్ దానిని తీసికొని సంఘములలో ప్రదర్శించెను. టిక్కెట్టు కొని చూచువారికన్న, గుడి బల్లలమీద కూర్చుండి చూచినవారివల్లనే ఈ చిత్రము బ్రతికినది.

కథకుడు, వేషధారి

చిత్రమంతటిలో నటుల సంభాషణలు బహు స్వల్పము. నల్లని వస్త్రములు ధరించిన క్యాష్ ఇశ్రాయేలు కొండమీద నిలువబడి కథ చెప్పును. నడుమ నడుమ పాడును. తెరమీద యేసు నడచుచుండగా, స్వస్థపరచుచుండగా, పిల్లలతో ఆడుకొనుచుండగా, ఆయన మాటలు సహితము చాలవరకు క్యాష్ కంఠముద్వారానే మనకు వినబడును. బాప్తిస్మమునుండి పునరుత్థానము వరకు కథ ఈ విధముగానే సాగును.

పాశ్చాత్య ప్రేక్షకునికి ఇది లోపముగా తోచవచ్చును. నటులకు మాటలు లేకపోవుట బీదతనపు గుర్తుగా ఎంచవచ్చును. కాని తెలుగు దేశములో పుట్టిన మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. బుఱ్ఱకథలో కథకుడు తంబుర మీటుచు కథ చెప్పును, పాడును, వీరుని మాటలు వీరునివలె పలుకును. అయినను తాను కథకుడేనన్న సంగతి ఎవరును మరచిపోరు. హరిదాసు చిడతలు పట్టుకొని ఒక్కడే నిలిచి అందరి మాటలును చెప్పును. ఈ కళారూపములను మన సువార్తికులు ఎన్నడో చేపట్టి, యోబు చరిత్రను, యోసేపు చరిత్రను, క్రీస్తు చరిత్రను పల్లెలలో వినిపించిరి. క్యాష్‌కు మన బుఱ్ఱకథ తెలియదు. అయినను పాడువాడు కథ చెప్పబూనినప్పుడు సహజముగా పట్టు దారి ఇదేనని ఈ చిత్రము నిరూపించుచున్నది.

ఈ పద్ధతికి వేదాంతపరమైన విలువ ఒకటి కలదని మా అభిప్రాయము. వేషధారి ‘నేనే ఆయనను’ అన్నట్లు నిలుచును. కథకుడు ‘ఆయనను గూర్చి నేను చెప్పుచున్నాను’ అని నిలుచును. మొదటిది ప్రతిరూపము, రెండవది సాక్ష్యము. బాప్తిస్మమిచ్చు యోహాను తాను క్రీస్తును కానని ఒప్పుకొని (యోహాను 1:20), ఆయనను చూపుటతో తన పని ముగించెను. సువార్తలు నలుగురు సాక్షుల పేరిట మనకు అందుటలోని మర్మము ఇదే. రోమా 10:17లో పౌలు విశ్వాసమును వినుటతో ముడివేసెను. ‘ది గాస్పెల్ రోడ్’ చూచునది తక్కువ, వినునది ఎక్కువ అయిన చిత్రము. దాని బలమంతయు ఇందులోనే ఉన్నది.

దీనిని మేము అనుభవముగా గ్రహించితిమి. చిత్రము ఆంగ్లములో ఉన్నందున, మా కూటములో మైకు పట్టుకొని వాక్యము వెంట వాక్యము తెలుగులో చెప్పవలసి వచ్చెను. పదిమంది నటులు పోటాపోటీగా మాటలాడు చిత్రమైన యెడల అది మావల్ల అయ్యెడిది కాదు. ఒకే కంఠము, నింపాదియైన మాట, మధ్యలో పాట. విదేశీ ప్రసంగీకుని ప్రక్కన నిలిచి తర్జుమా చేసినంత సులువుగా జరిగిపోయెను. కూటము ముగిసిన తరువాత, చూపు దాదాపు పోయిన మా సంఘపు పెద్దమ్మగారు ఒకరు, “బొమ్మ కానరాలేదు గాని అయ్యగారూ, కథంతా తెలిసింది” అనిరి. చలనచిత్రమును గూర్చి ఇట్టి మెప్పు వినుట మాకు అదే మొదటిసారి.

ముఖమును గూర్చిన ప్రశ్న

అయితే చూపుగలవారికి ఈ చిత్రములో పెద్ద చిక్కు ఎదురగును. యేసుగా నటించిన ఎల్‌ఫ్‌స్ట్రామ్ బంగారు రంగు జుట్టుగల తెల్లవాడు. నిజమైన గలిలయ నేలమీద, ఆ ఎండలో, ఆ ముళ్ల పొదల మధ్య అతడు నడచుచుండగా, ఆ దేశమునకు వచ్చిన పరదేశివలె కనబడుచున్నాడు. మా కూటములో ఏడవ తరగతి చదువు బాలుడొకడు లేచి, “అయ్యగారూ, యేసయ్య దొరా?” అని అడిగెను. పెద్దలు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి.

ఆ ప్రశ్న క్యాష్‌కు మాత్రమే చెందినది కాదు. మన ఇండ్లలో గోడ క్యాలెండర్లమీద కనబడు రూపము ఎక్కడిది? చికాగోకు చెందిన వార్నర్ సాల్‌మన్ 1940లో చిత్రించిన క్రీస్తు ముఖమునో, దానిని పోలిన దానినో మనలో అనేకులు ‘ప్రభువు ఫోటో’ అని పిలుచుచున్నారు. ఫోటో అనుటలోనే పొరపాటున్నది. మన తెలుగు చిత్రమైన ‘కరుణామయుడు’ 1978లో ఎ. భీంసింగ్ గారి దర్శకత్వమున వెలువడి, విజయచందర్ గారు ప్రభువుగా నటించి తెలుగువారి హృదయములలో నిలిచిపోయిరి. అనేక భాషలలోనికి మార్చబడి, సువార్త బృందములద్వారా పల్లెపల్లెకు వెళ్లినది ఆ చిత్రము. బాల్యములో మేమును వీధిలో కట్టిన తెల్లని దుప్పటిమీద దానిని చూచి ఏడ్చినవారమే. ఆ మేలును మరువలేము. కాని ఆ తరువాత కొన్ని ఇండ్లలో నటుని బొమ్మకే దండ వేసి దీపము పెట్టుటయు చూచితిమి. ప్రతిరూపము బలముగా ఉన్నకొలది ఈ అపాయమును బలముగానే ఉండును.

సంఘ చరిత్రలో ఈ వివాదము ప్రాచీనమైనది. క్రీ.శ. 600 ప్రాంతమున మార్సేయి బిషప్పైన సెరెనస్ గుడిలోని బొమ్మలను పగులగొట్టించినప్పుడు, వాటిని పూజించుట తప్పేయైనను, చదువురానివారు గోడమీద చూచి నేర్చుకొందురు గనుక పగులగొట్టుట కూడదని పోపు గ్రెగొరీ వ్రాసెను. 787లో నికయ రెండవ సభ పటములను గౌరవించుటను సమర్థించెను. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఇందుకు భిన్నముగా, దేవుడు తన ప్రజలకు మూగ బొమ్మలవల్ల గాక సజీవ వాక్య ప్రకటనవల్ల బోధింప కోరుచున్నాడని నిర్ణయించెను. చలనచిత్రము మూగ బొమ్మ కాదు గదా అని ఎవరైన అనవచ్చును. నిజమే. అందుచేతనే ఏది మాటలాడుచున్నది, బొమ్మయా వాక్యమా, అని ప్రతి చిత్రమును అడుగవలసియున్నది.

క్యాష్ చిత్రములో వాక్యము మాటలాడుచున్నది, బొమ్మ అడ్డు వచ్చుచున్నది. యెషయా 53:2 ప్రకారము చూపరులు కోరదగిన సౌందర్యము సేవకునికి లేదు. ఆయన యూదుడు, వడ్రంగి, ఎండకు కమిలినవాడు. ఎల్‌ఫ్‌స్ట్రామ్ యందు భక్తిలోపము మాకు కనబడలేదు. పిల్లలతో నవ్వుచు ఆడుకొను ప్రభువును చూపుటలో అతడు కృతకృత్యుడేనని ఒప్పుకొనవలెను. కాని ఇశ్రాయేలు దేశము వరకు వెళ్లిన బృందము, ఆ నేల బిడ్డలలో ఒకనిని ఆ పాత్రకు వెదకియుండవలసినది. స్వల్ప వ్యయము ఇందుకు సాకు కాజాలదు. ఉన్నచోటికి వెళ్లి కొండలను తెచ్చుకొనినవారు ముఖమును మాత్రము తమ దేశమునుండి తీసికొని వచ్చిరి. మన దేశములో 1980ల నుండి అర్వింద్ నిర్మల్ మొదలగు దళిత వేదాంతులు అడుగుచు వచ్చిన ప్రశ్న ఇదే. క్రీస్తు ఎవరివలె ఉన్నాడు? మాల పల్లెలలో, మాదిగ పల్లెలలో తొలుత సువార్తను అందుకొనిన మన పితరుల సంతానమునకు, ప్రభువు దొరవలె కనబడుట చిన్న సంగతి కాదు. ఆ బాలుని ప్రశ్నలో అంత బరువున్నది.

పాటల ఎంపిక

పాటలు ఈ చిత్రమునకు వెన్నెముక. కానా విందును గూర్చిన ‘హీ టర్న్‌డ్ ద వాటర్ ఇంటు వైన్’ క్యాష్ స్వయముగా వ్రాసినది. 1969లో వెలువడిన ‘ది హోలీ ల్యాండ్’ అను సంపుటిలోనే అది ఉన్నది. కడరాత్రి భోజనపు పాట ల్యారీ గ్యాట్లిన్ రచన. క్రిస్ క్రిస్టోఫర్‌సన్ వ్రాసిన ‘బర్డెన్ ఆఫ్ ఫ్రీడమ్’ కూడ ఇందులో చోటుచేసికొన్నది. వీటిలో బైబిలు మాటలను యథాతథముగా వల్లించుట కనబడదు. సామాన్యుడు తన నోటితో తన మాటలలో చెప్పుకొనిన ధోరణి కనబడును.

పరిశీలింపదగినది జూన్ కార్టర్ పాడిన ‘ఫాలో మీ’. ఇది జాన్ డెన్వర్ రచించిన లోకసంబంధమైన ప్రేమగీతము. దానిని మగ్దలేనే మరియ నోట ఉంచిరి. సినిమా బాణీలకు క్రైస్తవ మాటలు పొదుగుట తగునా కాదా అని మన సంఘములలో తరచు జరుగు వాదన పాఠకులు ఎరిగినదే. ఇక్కడ బాణీ మాత్రమే కాదు, మాటలుకూడ అరువు సొమ్మే. ప్రభువు తన్ను వెంబడింపుమని పిలిచిన పిలుపుతో ఆ గీతపు పల్లవి పైకి సరిపోయినట్లు కనబడును. కాని ప్రియుని వెంట నడచుటకును, తన సిలువనెత్తికొని నడచుటకును (మార్కు 8:34) గల దూరమును ఆ పాట దాటలేకపోయినది. లూకా 8:2, 3 ప్రకారము ఏడు దయ్యములు వదలిపోయిన మరియ, తన కలిమితో ప్రభువునకు ఉపచారము చేసిన స్త్రీలలో ఒకతె. పునరుత్థాన వార్తను మొదట మోసినది ఆమెయే (యోహాను 20:18). అట్టి ఆమెకు సాక్షికి తగిన పాట కావలసియుండగా ప్రేమికురాలి పాట దొరికినది. పైగా ఆమె పలుకులలో అమెరికా దక్షిణ ప్రాంతపు యాస దాగలేదు. యాస మాకు అభ్యంతరము కాదు. పేతురు పలుకు సహితము అతడు గలిలయుడని బయటపెట్టెను గదా (మత్తయి 26:73). కాని కథకునిగా నిలిచిన క్యాష్ యాస సొంపుగా ఉండగా, వేషము ధరించిన జూన్ యాస అతుకువలె కనబడుచున్నది. ఒకే ఇంటి ఇద్దరు గాయకులు, ఒకే యాస. కథ చెప్పినచోట అమరినది, వేషము కట్టినచోట అమరలేదు. మేము పైన చెప్పిన భేదమునకు ఇంతకన్న దృష్టాంతము అక్కరలేదు.

నగరముల నడుమ సిలువ

చిత్రములో మిక్కిలి ధైర్యముగల ఘట్టము సిలువ ఘట్టము. క్రీస్తు సిలువమీద ఉండగా, ఆ సిలువ వెనుకనున్న దృశ్యము మారిపోవును. గొల్గొతా స్థానములో నేటి అమెరికా నగరములు, వాటి ఎత్తయిన భవనములు కనబడును. ఖర్చు చూడబోయిన స్వల్పమే. ఒక సిలువ, ఒక కెమెరా, తమ సొంత ఊరు. కోట్లు వెచ్చించిన చిత్రములలో వేలమంది జనసమూహము చేయలేని పనిని ఇది చేయుచున్నది. క్రీస్తును సిలువ వేసినది ఆ కాలపు యూదులో, రోమీయులో అని చెప్పి తప్పించుకొను దారిని ఇది మూసివేయుచున్నది. యూదులను క్రీస్తు హంతకులని నిందించి క్రైస్తవ లోకము శతాబ్దములుగా చేసిన పాపమును ఎరిగినవారికి ఈ ఘట్టపు విలువ బాగుగా తెలియును. గాయకుడు తన ప్రేక్షకులను దూరదేశమునకు తీసికొనిపోయి, చివరకు వారి వీధిలోనికే తెచ్చి నిలువబెట్టెను.

అయితే ఇక్కడ ఒక వైరుధ్యము మిగిలిపోయినది. సిలువను తమ నగరమునకు తెచ్చుకొనుట మారుమనస్సు. ముఖమును తమవలె మార్చుకొనుట ఆత్మస్తుతి. మొదటిదానిలో మనము దోషులమని ఒప్పుకొందుము. రెండవదానిలో ఆయన మనవాడని అతిశయింతుము. ఈ చిత్రములో రెండును ప్రక్కప్రక్కనే ఉన్నవి. దళిత వేదాంతము ప్రభువును పీడితుల మధ్య చూచుట ఈ రెండవ కోవకు చెందినదా అని ఎవరైన అడుగవచ్చును. మా దృష్టిలో చెందదు. బలవంతుడు దేవునికి తన ముఖమును తొడుగుటయు, గాయపడినవాడు గాయపడిన దేవుని గుర్తించుటయు ఒకటి కావు.

సాక్షి పడిపోయినప్పుడు

ఈ చిత్రమును చూపుటకు ముందు మమ్మును కలవరపెట్టిన సంగతి మరియొకటి ఉన్నది. చిత్రము విడుదలైన తరువాత క్యాష్ జీవితము సాఫీగా సాగలేదు. 1970ల చివరినుండి అతడు మరల మత్తు మందులకు లోబడి, 1983లో బెట్టీ ఫోర్డ్ సెంటరు అను చికిత్సాలయములో చేరవలసి వచ్చెను. కొండమీద నిలిచి ప్రభువును ప్రకటించినవాడు తరువాత పడిపోయినట్లయితే, ఆ ప్రకటన అబద్ధమగునా?

నాల్గవ శతాబ్దమున ఉత్తర ఆఫ్రికా సంఘములో దొనాతు పక్షమువారు ఇట్టి ప్రశ్ననే లేవదీసిరి. హింసాకాలములో తొట్రిల్లిన బోధకులు ఇచ్చిన సంస్కారములు చెల్లవని వారి వాదన. సంస్కారపు విలువ ఇచ్చువాని యోగ్యతనుబట్టి గాక క్రీస్తునుబట్టి నిలుచునని అగస్టీను జవాబిచ్చెను. ఈ సూత్రమును సాక్ష్యమునకును అన్వయింపవచ్చును. ఐశ్వర్యము మంటి ఘటములలో ఉన్నదని పౌలు చెప్పినప్పుడు (2 కొరింథీ 4:7), ఘటము పగులునని ఎరిగియే చెప్పెను. క్యాష్ తన నీతిని గూర్చి చిత్రము తీసియుండినయెడల, 1983లో ఆ చిత్రము కాలిపోయెడిది. అతడు క్రీస్తు కథ చెప్పెను గనుక అది నిలిచినది. 1986లో అతడు పౌలు జీవితమును ఆధారము చేసికొని ‘మ్యాన్ ఇన్ వైట్’ అను నవలను వ్రాసెను. 2003 సెప్టెంబరులో మరణించువరకు భక్తి గీతములు పాడుట మానలేదు. పడినవాడు లేచి అదే కథ మరల చెప్పెను.

అయినను అగస్టీను మాటను మనము సోమరితనమునకు వాడుకొనరాదు. మన సంఘములలో పేరుగల వ్యక్తి ఒకడు మారెనని వినిన వెంటనే వేదికమీదికి ఎక్కించి, సాక్ష్యమును క్యాసెట్లుగా, సి.డి.లుగా అమ్ముకొని, అతడు తొట్రిల్లిన దినమున ఎరుగనట్లు తొలగిపోవు అలవాటున్నది. సాక్షి లేచి నిలుచుటలో సంఘమునకు ఎంత సంతోషమో, పడినప్పుడు పట్టుకొనుటలో అంత బాధ్యత. పాడువాడు ఒంటరిగా చిత్రము తీసిన యెడల ఒంటరిగానే పడును.

ముగింపు

‘ది గాస్పెల్ రోడ్’ గొప్ప చలనచిత్రము కాదు. కొన్నిచోట్ల నటన ఇంటి నాటకమును దాటలేదు. యేసు ముఖము విషయమై అది చేసిన పొరపాటు క్షమింపదగినదే గాని మరువదగినది కాదు. అయినను పాడువాడు తన పనిని తాను ఎరిగి, కథకునిగా నిలిచిన ప్రతిచోట ఈ చిత్రము సువార్తకు నమ్మకమైన సేవ చేసినది. దాని బీదతనమే దానిని పవిత్రపరచినదని మేము అనము. బీదతనము వేషమును కొరవచేసి సాక్షికి చోటిచ్చినదని మాత్రము అందుము.

ఈ పరిశీలన ఫలితముగా మా కమిటీకి మేము ఇచ్చిన సలహా ఇది. యౌవనస్థులు అడిగినదానిలో సగము, అనగా 20,000 రూపాయలు కానుకలనుండి ఇచ్చి, తక్కినది వారే పాటల కూటములద్వారా సమకూర్చుకొనవలెను. ఎవనినిగాని ప్రభువు వేషములో నిలువబెట్టక, ఉపమానమును మన ఊరి చేలలో, మన ఊరి ముఖములతో తీయవలెను. కథను ఆ కీబోర్డు వాయించు యౌవనస్థుడే తన నోట చెప్పి పాడవలెను. బయట ప్రదర్శించుటకు ముందు చూపులేని ఆ పెద్దమ్మగారికి వినిపించి, ఆమెకు అర్థమైనదో లేదో తెలిసికొనవలెను. పైకప్పు కోరిన పెద్ద మొదట ఒప్పుకొనలేదు. తప్పిపోయిన కుమారుని తండ్రిగా ఆయననే ఉండుమని యౌవనస్థులు బ్రతిమాలగా, ఒక ఆదివారము ఆలోచించి, సరే అనిరి.

‘యేసయ్య దొరా?’ అని అడిగిన బాలునికి, కాదని చెప్పితిమి. ఆయన యూదుడనియు, వడ్రంగి కుమారుడనియు, మన తాతల పల్లెకు నడచి రాగలిగిన వాడనియు చెప్పితిమి. ఆ బాలుడు ఇప్పుడు ఆ చిత్రములో పందుల కాపరిగా నటించుటకు పేరిచ్చియున్నాడు. పాడువారికి, వినువారికి ప్రభువు తోడైయుండును గాక.